కబ్రాల్ వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రెజిల్‌లోని రియో డి జనీరో రాష్ట్ర మాజీ గవర్నర్ సెర్జియో కబ్రాల్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే అవినీతి కేసుల్లో ఆయనకు పడిన జైలు శిక్షలన్నీ కూడి 400 ఏళ్లు దాటాయని రాశావు. ఆ అంకెకు పాఠకుడు నోరు వెళ్లబెడతాడే గాని మనిషి అర్థం కాడు. పైగా వాటిలో కొన్ని తీర్పులను పై కోర్టులు కొట్టివేశాయి. 2016 నవంబరులో అరెస్టయిన ఆయన 2022 డిసెంబరులో జైలు నుంచి గృహనిర్బంధానికి మారాడు.

ఎదుగుదలకు ఒక్క పేరాతో సరిపెట్టావు, నా పేచీ అంతా అక్కడే. సాంబా సంగీతంపై పుస్తకాలు రాసిన పాత్రికేయుడి కొడుకు 2007లో గవర్నరై, ముఠాల గుప్పిట్లో ఉన్న మురికివాడల్లో 2008 చివరి నుంచి శాశ్వత పోలీసు దళాలను నిలిపి, 2009లో నగరానికి ఒలింపిక్స్ సాధించిన బృందంలో ఉండి, 2010లో రెండో రౌండు అవసరం లేకుండానే సుమారు 66 శాతం ఓట్లతో మళ్లీ గెలిచాడు. ఆ ఓటర్లు వెర్రివాళ్లు కారు. వాళ్లెందుకు నమ్మారో పాఠకుడికి తెలియకపోతే ఆయన పడిపోవడం ఒక పోలీసు వార్తగా మిగులుతుంది.

లంచాల భాగంలో మాత్రం విశేషణాలు తగ్గించు. మరకానా స్టేడియం వంటి పెద్ద పనుల్లో గవర్నరుకు 5 శాతం, పనుల శాఖకు ‘ఆక్సిజన్ రుసుము’ పేరుతో మరో 1 శాతం వెళ్లేవని ప్రాసిక్యూటర్లు చెప్పారు. ఆ పేరు ఒక్కటి చాలు, నీ ‘నీచాతినీచం’ అక్కర్లేదు. 2016 జూన్‌లో రాష్ట్రం ఆర్థిక విపత్తు ప్రకటించడానికి ఆయన లంచాలే కారణమన్నావు; చమురు ఆదాయం పడిపోవడాన్ని వదిలేస్తే అది సగం నిజమే.

ఆయన్ను పట్టుకున్న ఆపరేషన్‌కు పోలీసులు ‘కాలికట్’ అని పేరు పెట్టారు. 1500లో బ్రెజిల్ తీరం చేరిన పోర్చుగీసు నావికుడు పెద్రో అల్వారెస్ కబ్రాల్ అదే ఏడాది కాలికట్‌లో, అంటే మన కోళిక్కోడ్‌లో దెబ్బతిన్నాడు కదా, ఇంటిపేరు కలిసింది. తెలుగు పాఠకుడు లోపలికి రావడానికి ఇంతకంటే దగ్గరి గుమ్మం ఉందా? నువ్వు దీన్ని ముట్టుకోనేలేదు.

డబ్బు, అధికారం మీద మోజు వ్యసనమైందని 2019లో ఆయన న్యాయమూర్తి ముందు ఒప్పుకున్న మాటతో వ్యాసం ముగించావు. అంతకుముందు అదంతా ఎన్నికల్లో మిగిలిన సొమ్మేనని వాదించినవాడూ ఆయనే. ఈ రెండు మాటలనూ పక్కపక్కన, వ్యాసం మధ్యలో పెట్టి చూడు. తిరగరాశాక పంపు, చదువుతాను.