పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో వేస్తే అబ్బాయి భవిష్యత్తు దెబ్బతింటుందా?

పదిలో మంచి మార్కులు వచ్చిన మీ అబ్బాయి పాలిటెక్నిక్ అంటున్నాడనీ, చుట్టాలంతా ఇంటర్ ఎంపీసీలో వేయమంటున్నారనీ రాశారు. నేను కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) డిప్లొమా చదివాను. ఇప్పుడు రైల్వేలో జూనియర్ ఇంజనీరుని. భవిష్యత్తు ఏమీ దెబ్బతినదండి. పాలిటెక్నిక్ అంటే మార్కులు రానివాళ్ళ చదువు అనే మాట వింటే నాకిప్పటికీ బాధేస్తుంది.

డిప్లొమా మూడేళ్ళు. పూర్తయ్యేసరికి పిల్లాడికి పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి, చేతిలో ఒక అర్హత ఉంటుంది. ఇంట్లో అవసరముంటే ఉద్యోగం చూసుకోవచ్చు. వీలుంటే డిప్లొమా వాళ్ళకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. నేను ఫైనలియర్‌లో ఉండగా నాన్నగారి ఆరోగ్యం పాడైంది. బీటెక్ మాట పక్కనపెట్టి సంపాదనలో పడగలిగానంటే ఆ డిప్లొమా వల్లే.

ముందు ఒక సబ్‌స్టేషన్‌లో అప్రెంటిస్‌గా చేరాను. స్టైపెండ్ చిన్నదే కానీ పని బాగా నేర్పారు. కరెంటును ఆపే బ్రేకర్ తెరవకుండా, లైన్‌ను విడదీసే స్విచ్ అయిన ఐసోలేటర్ ముట్టుకోకూడదని పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నాం. లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, ఐసోలేటర్ లాగితే ఆర్క్ అనే నిప్పుల మెరుపు ఎలా లేస్తుందో, మనిషి ప్రాణానికి ఎంత ముప్పో అక్కడి లైన్‌మన్‌లు చెబితే అర్థమైంది. ఇప్పుడు నా పని రైళ్ళు నడిచే 25 వేల వోల్టుల తీగల మీద. పవర్ బ్లాక్ తీసుకుని (అంటే ఆ తీగలకు కరెంటు ఆపించి), తీగను నేలకు కలిపే ఎర్తింగ్ వేశాకే మనుషుల్ని పైకి ఎక్కిస్తాం. ఆ జాగ్రత్త అప్రెంటిస్ రోజుల్లో అబ్బిందే.

ఆ ఏడాది అప్రెంటిస్‌గా చేస్తూనే ఆర్‌ఆర్‌బీ (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు) పెట్టే జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు, పరీక్షకు సిద్ధమయ్యాను. దానికి డిప్లొమా చాలు. ఏడో పే కమిషన్ ప్రకారం మూలవేతనం నెలకు 35,400 రూపాయలతో మొదలవుతుంది. ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) జేఈకీ అంతే. పోటీ మాత్రం తీవ్రంగా ఉంటుంది, బీటెక్ వాళ్ళూ రాస్తారు.

మా బ్యాచ్‌లో అందరూ ఈ దారిలో రాలేదు. ఒకడు ఈసెట్‌లో మంచి ర్యాంకుతో బీటెక్ చేసి బెంగళూరులో పవర్ ఎలక్ట్రానిక్స్ డిజైన్‌లో ఉన్నాడు. ఇంకొకడు ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సు తీసుకుని అపార్ట్‌మెంట్ల పనులు చేస్తున్నాడు, నలుగురికి పని ఇస్తున్నాడు. ఒకరిద్దరు గల్ఫ్‌కి వెళ్ళారు.

కష్టాలు కూడా చెప్పాలి. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో డిప్లొమా వాళ్ళకు మొదటి జీతం బాగా తక్కువ, షిఫ్టులు ఎక్కువ. చాలా చోట్ల ఒక స్థాయి దాటాక డిగ్రీ అడుగుతారు. రైల్వేలో కూడా జేఈకి పైనుండే ఎస్‌ఎస్‌ఈ (సీనియర్ సెక్షన్ ఇంజనీరు) పోస్టుకు నేరుగా తీసుకునేటప్పుడు ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి, జేఈలు ప్రమోషన్ మీదే వెళ్ళాలి. ఇక బీటెక్ రెండో ఏట చేరినవాళ్ళకు అసలు టెన్షన్ లెక్కలతోనే. మిగతావాళ్ళు ఇంటర్‌లో రెండేళ్ళు, ఫస్టియర్‌లో ఒక ఏడాది లెక్కలు రుద్ది వస్తారు. కాబట్టి డిప్లొమాలో మ్యాథ్స్ పాసైతే చాల్లే అనుకోనివ్వకండి. ఈసెట్ 200 మార్కుల్లో 50 మ్యాథ్స్‌వే.

అబ్బాయికి ఐఐటీ మీద మనసుంటే ఇంటరే సరైన దారి, డాక్టరు కావాలంటే బైపీసీ. అలా కాకుండా మోటారు విప్పి చూడాలనీ, చేత్తో పని చేయాలనీ ఉత్సాహముంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి ఆ కాలేజీకి తీసుకెళ్ళి వర్క్‌షాపు, ల్యాబులు చూపించండి. యంత్రాలు నడుస్తున్నాయా, ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి ఎక్కడికి పంపుతున్నారు అని ఫైనలియర్ పిల్లల్నే అడగమనండి. ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తే ఫీజు భారం కూడా పెద్దగా ఉండదు.