సహాయ నిరాకరణ వేరు, సహకారం లేకపోవడం వేరు

ప్రశ్న: డిగ్రీ అర్థశాస్త్రం విద్యార్థుల కోసం గేమ్ థియరీ (ఒకరి లాభనష్టాలు ఇతరుల నిర్ణయాల మీద కూడా ఆధారపడే పరిస్థితులను పరిశీలించే శాస్త్రం) పాఠాన్ని తెలుగులో రాస్తున్నాను. 'నాన్ కోఆపరేటివ్ గేమ్స్'ను 'సహాయ నిరాకరణ క్రీడలు' అన్నాను. 'నాష్ ఈక్విలిబ్రియం'కు సమతుల్యత, సమతౌల్యం, సమతాస్థితి మూడూ కనిపిస్తున్నాయి. ఏవి వాడాలి?

జవాబు: మొదటి మాటను తప్పకుండా మార్చండి. 'సహాయ నిరాకరణ' అనగానే మనకు 1920లో గాంధీజీ మొదలుపెట్టిన ఉద్యమం గుర్తొస్తుంది. నిరాకరించడం అంటే కావాలని కాదనడం. అందులో ఎదిరింపు ఉంది. పైగా జనమంతా ఒక్క మాట మీద నిలబడితేనే ఆ ఉద్యమం నడుస్తుంది. 1921లో చీరాల–పేరాల ప్రజలు మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని ఇళ్లు వదిలి, రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ప్రభుత్వానికి సహకరించలేదు గానీ, తమలో తాము ఎంతగా సహకరించుకున్నారో చూడండి!

1950లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధన వ్యాసంలో గణిత శాస్త్రజ్ఞుడు జాన్ నాష్ చెప్పింది దాదాపు దీనికి తలకిందులు. అక్కడ ఆటగాళ్లు కూడబలుక్కోరు, జట్టు కట్టరు, ఎవరి నిర్ణయం వారే తీసుకుంటారు. అంతేగానీ వాళ్లు శత్రువులు కానక్కర్లేదు. మన రోడ్ల మీద అందరూ ఎడమ పక్కన నడుపుతున్నప్పుడు నేనొక్కణ్ణే కుడికి వెళ్తే నష్టం నాకే. అమెరికాలో అందరూ కుడి పక్కన వెళ్తారు కాబట్టి అక్కడ ఎడమకు వెళ్లడం ప్రమాదం. ఒక్కరే మారితే లాభం లేని ఈ రెండూ నాష్ చెప్పిన స్థితులే. వీటిలో నిరాకరణ ఎక్కడుంది? అందుకే 'సహకార రహిత' అనండి. 'రహితం' అంటే లేనిది అని మాత్రమే అర్థం, అందులో పంతం లేదు. 'క్రీడలు' అంటే విద్యార్థికి క్రికెట్, కబడ్డీ గుర్తొస్తాయి కాబట్టి 'ఆటలు' మేలు. గేమ్ థియరీని అలాగే ఉంచినా తప్పులేదు.

ఇక రెండోది. రసాయన శాస్త్రంలో సమతాస్థితి, అర్థశాస్త్రంలో సమతౌల్యం స్థిరపడ్డాయి. మీది అర్థశాస్త్ర పాఠం కాబట్టి 'నాష్ సమతౌల్యం' అనండి. సుందర శబ్దం నుంచి సౌందర్యం వచ్చినట్టే, తుల్యం నుంచి తౌల్యం. మూలంలో ఉన్నది తుల, అంటే త్రాసు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. త్రాసు అనగానే రెండు పళ్లాలూ సమంగా ఉండాలనుకుంటాం. నాష్ సమతౌల్యంలో ఇద్దరికీ సమానంగా దక్కాలని లేదు, మంచి జరగాలని అసలే లేదు.

ఇద్దరు నిందితులను విడివిడి గదుల్లో విచారిస్తున్నారనుకోండి. ఇద్దరూ నోరు విప్పకపోతే చెరో ఏడాది శిక్ష. ఇద్దరూ ఒప్పుకుంటే చెరో ఐదేళ్లు. ఒకరే ఒప్పుకుంటే అతనికి విడుదల, రెండోవాడికి పదేళ్లు. అవతలివాడు ఏం చేసినా, ఒప్పుకోవడమే తనకు లాభం. అందుకే ఇద్దరూ ఒప్పుకుని ఐదేళ్లు జైల్లో ఉంటారు. ఏడాదితో పోయేదాన్ని ఐదేళ్లు చేసుకున్నా, అదే సమతౌల్యం. 'సమతుల్యత' వద్దనడానికి నా కారణం ఇదే. సమతుల ఆహారం లాంటి మాటలతో దానికి 'మంచిది, పాళ్లు కుదిరినది' అనే భావం అంటుకుపోయింది.

నిర్వచనం రాసేటప్పుడు మాత్రం సంస్కృత పదాల దగ్గర ఆగిపోకండి. చదరంగం నుంచి మనకు 'ఎత్తు' అనే చక్కని మాట ఉంది. ఆటలో వేసే ఒక్కో అడుగూ ఒక 'ఎత్తు'. ఏ పరిస్థితి వస్తే ఏ ఎత్తు వేయాలో ముందే అనుకున్న పూర్తి పథకం వ్యూహం. ఈ తేడాను పాఠం మొదట్లోనే చెప్పాలి. 'పైఎత్తు' కూడా వాడాలనిపిస్తుంది గానీ, దానిలో ఎదుటివాణ్ణి ఓడించే అర్థం ఉంది, ఎడమ పక్కన బండి నడపడానికి అది నప్పదు. నేనైతే ఇలా రాస్తాను: 'మిగతావాళ్లు తమ వ్యూహాలు మార్చుకోకుండా ఉన్నంతవరకు, ఏ ఒక్కరికీ తన వ్యూహం మార్చుకోవడం వల్ల లాభం లేని స్థితి నాష్ సమతౌల్యం.' ఇందులో 'ఏ ఒక్కరికీ' అన్న మాటను ఎడిటింగ్‌లో పోనివ్వకండి. ఇద్దరు నిందితులూ కలిసి మారితే ఇద్దరికీ లాభమే కదా!