కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు: రెప్ల్‌లో నడిచిన ఎవాల్ జార్‌లో ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: మాది పోర్టు నుంచి సరుకు తోలే లారీల కార్యాలయం. కిరాయి లెక్క ప్రోగ్రాంను క్లోజర్ భాషలో రాశాను. నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి వాటిని వేరే ఫైలులో (గుండ్రం (+ 350 (* బరువు 12))) వంటి పంక్తులుగా ఉంచి, చదివి ‘ఎవాల్’కు (ఇచ్చిన కోడ్‌ను అప్పటికప్పుడు నడిపే ఫంక్షన్) ఇస్తున్నాను. గుండ్రం అనేది పైసలను రూపాయికి సవరించడానికి నేను రాసుకున్న ఫంక్షన్. రెప్ల్‌లో (కోడ్ టైప్ చేసి వెంటనే ఫలితం చూసే చోటు) ‘డెఫ్’తో బరువుకు విలువ ఇచ్చి చూస్తే లెక్క సరిగ్గా వచ్చింది. జార్ (ప్రోగ్రాం అంతా ఒకే ఫైలుగా కట్టిన మూట) చేసి నడిపితే గుండ్రం అనే పేరు దొరకలేదని ఆగిపోయింది. ‘బైండింగ్’తో (ఒక విలువను కొంతసేపు మార్చి ఉంచే పద్ధతి) నేమ్‌స్పేస్ (పేర్లను గుంపుగా ఉంచే చోటు) సరిచేస్తే, ఈసారి బరువు దొరకలేదంది, బరువు ఎవాల్‌ను పిలిచే నా ఫంక్షన్ పారామీటరే కదా! నియమాల జాబితా మొత్తం మీద ‘మ్యాప్’ (ఒక్కొక్కదాని మీదా అదే పని చేసే ఫంక్షన్) చేస్తే మళ్ళీ గుండ్రమే దొరకలేదంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: పేర్లు తెలుగు లిపిలో ఉండడం ఇందుకు కారణం కాదు, వాటిని క్లోజర్ మామూలుగానే చదువుకుంటుంది. ‘అనేబుల్ టు రిజాల్వ్ సింబల్’ అనే ఒకే సందేశం మూడు వేర్వేరు కారణాల వల్ల మీకు మూడుసార్లు ఎదురైంది. ప్రోగ్రాం నడుస్తుండగా వచ్చిన తప్పుకు ‘సింటాక్స్ ఎర్రర్’ (రాత నియమాల తప్పు) అన్న మాట ముందు తగిలించి ఉండడం చూసి మీరు కుండలీకరణాలు లెక్కపెట్టుకొని ఉంటారు. ఎవాల్ చేసే పని అప్పటికప్పుడు కంపైల్ చేయడమే కనుక, పేరు దొరకకపోయినా అది కంపైలర్ తప్పుగానే బయటపడుతుంది.

మొదటి కారణం నేమ్‌స్పేస్. ఎవాల్ పేర్లను వెతికేది తాను రాసి ఉన్న ఫైలు నేమ్‌స్పేస్‌లో కాదు, ఆ క్షణాన ఏది ప్రస్తుత నేమ్‌స్పేస్‌గా ఉందో అందులో. రెప్ల్‌లో అది మీరు కూర్చున్న చోటే. జార్‌గా నడిపినప్పుడు అది ‘క్లోజర్.కోర్’. అక్కడ కూడిక, గుణకారం ఉంటాయి కానీ మీ గుండ్రం ఉండదు. ఎవాల్‌కు ముందు పంక్తిలో ప్రస్తుత నేమ్‌స్పేస్‌ను ప్రింట్ చేయించి చూస్తే ఈ సంగతి మీకే తెలుస్తుంది. దీనికి మీరు చేసిన బైండింగ్ సరైనదే.

రెండవది లోతైనది. ‘లెట్’తో తాత్కాలికంగా పెట్టుకున్న పేర్లు, ఫంక్షన్ పారామీటర్లు కంపైల్ అయ్యే సమయంలో మాత్రమే పేర్లుగా ఉంటాయి, ఎవాల్ చేతికి నియమం ఒక్కటే అందుతుంది గానీ దాని చుట్టూ ఉన్న పరిసరం అందదు. జాన్ మెకార్తీ 1960లో, క్లోజర్‌కు మూలమైన లిస్ప్ భాష గురించి ప్రకటించిన వ్యాసంలోని ఎవాల్ వ్యక్తీకరణతో పాటు పేర్ల జాబితాను కూడా తీసుకునేది, అదే కుటుంబంలోని స్కీమ్ భాష 1998 నాటి ప్రమాణంలో పరిసరాన్ని రెండవ వాదంగా (ఆర్గ్యుమెంట్‌గా) అడిగింది, క్లోజర్ మాత్రం ఒక్క వాదంతోనే సరిపెట్టింది. రెప్ల్‌లో మీరు డెఫ్ చేసిన బరువు నేమ్‌స్పేస్‌కే చెందిన పేరు కనుక దొరికింది, అంతే.

అందువల్ల నియమాన్ని నేరుగా ఎవాల్ చేయకండి. ఫంక్షన్ తయారుచేసే ‘ఎఫ్‌ఎన్’ అనే గుర్తు, బరువు ఒక్కటే ఉన్న పారామీటర్ల వెక్టర్, ఆ తరువాత నియమం – ఈ మూడింటినీ ‘లిస్ట్’తో కూర్చి, ఆ జాబితాను ఎవాల్ చేయండి. ఫలితంగా వచ్చే ఫంక్షన్‌ను దాచుకొని, ప్రతి లారీకీ బరువు ఇచ్చి పిలవండి. కూర్చేటప్పుడు బ్యాక్‌క్వోట్ (` గుర్తు) వాడితే పారామీటర్ పేరుకు నేమ్‌స్పేస్ అతుక్కొని కొత్త తప్పు వస్తుంది; మామూలు క్వోట్ (' గుర్తు) చాలు. ఎవాల్ పిలిచిన ప్రతిసారీ కంపైల్ జరుగుతుంది కాబట్టి, ఫైలు చదివినప్పుడు ఒక్కసారి చేసి ఊరుకోవడం వేగానికీ మంచిదే. పైగా నియమంలో పేరు తప్పు ఉంటే బిల్లు మధ్యలో కాక ప్రోగ్రాం మొదలవగానే తెలుస్తుంది.

మూడవదానికి మ్యాప్ సోమరితనమే కారణం. అది అడిగినప్పుడు గానీ లెక్క చేయదు. మీ బైండింగ్ లోపల మ్యాప్ ఒక వాగ్దానాన్ని మాత్రమే తిరిగి ఇచ్చింది. ప్రింట్ చేసే వేళకు బైండింగ్ ముగిసి, నేమ్‌స్పేస్ పాత స్థితికి వచ్చింది. అక్కడ వెంటనే లెక్క పూర్తి చేసే ‘మ్యాప్‌వి’ వాడండి, లేదా ‘డూఆల్’తో ఆ మ్యాప్‌ను బైండింగ్ లోపలే పూర్తి చేయించండి.

ప్రశ్న: ఇటువంటి ఫైలును ‘రీడ్-స్ట్రింగ్’తో చదవడం ప్రమాదమని విన్నాను. నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, మధురవాడ

జవాబు: నిజమే. క్లోజర్ మూల రీడర్‌కు ఒక ప్రత్యేక గుర్తుతో కూడిన పాఠ్యం ఇస్తే, చదువుతుండగానే కోడ్ అమలు కాగలదు. డేటాను మాత్రమే చదివే ‘ఈడీఎన్’ రీడర్‌కు ఆ బెడద లేదు. అయితే అలా చదివినదాన్ని మళ్ళీ ఎవాల్‌కే ఇస్తే జాగ్రత్త వృథా. నియమం స్థానంలో ఫైళ్ళు చెరిపే ఆదేశం ఉన్నా ఎవాల్ దాన్ని నడిపిస్తుంది. ఆ ఫైలును సొంత కార్యాలయం వారే దిద్దుతుంటే ఎవాల్ ఉండనివ్వవచ్చు. బయటివారు పంపేదైతే మాత్రం, అనుమతించిన గుర్తులను వాటి ఫంక్షన్లతో జతచేసిన ఒక మ్యాప్ (ఇక్కడ ఫంక్షన్ కాదు, జతల పట్టిక) పెట్టుకొని, నియమాన్ని లోపలి నుంచి పైకి లెక్కించే చిన్న రికర్సివ్ (తనను తానే పిలుచుకునే) ఫంక్షన్ రాసుకోవాలి. మ్యాప్‌లో లేని పేరు కనిపిస్తే, ఆ పేరును, అది ఉన్న పంక్తినీ చూపే సందేశం మీరే ఇవ్వవచ్చు.