కలివిపండు, వాక్కాయ ఒకటేనా?

ప్రశ్న: ఉదయగిరి దాపున వెలిగొండల అంచున ఉన్న చిట్టడవిలో ఒక ముళ్ళపొద విరివిగా కనిపిస్తుంది. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కాయలు పండితే నల్లబడతాయి. మా ఊళ్ళో దానిని కలివి అంటాము. ఒంగోలులోని మా బంధువులు అది వాక్కాయేననీ, కలివి అన్నది తమిళపు మాట అనీ వాదిస్తున్నారు. ఏది సరి? ఆ పండు తినవచ్చునా?

సమాధానం: కలివి తెలుగుమాటే. తమిళంలోని ‘కళా’, కన్నడంలోని ‘కవళి’ దీనికి తోబుట్టువులే తప్ప, మనము అరువు తెచ్చుకున్నది ఏదీ లేదు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమై, అంతరించిందని అనుకున్న తరువాత 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడిన పక్షికి పుస్తకాలు ప్రకృతిశాస్త్రజ్ఞుడు జెర్డాన్ పేరు పెట్టినా, మనవారు మాత్రం ఈ పొదల పేరుతోనే దానిని కలివికోడి అంటారు. ఇంతగా వేళ్ళూనిన మాటను పరాయిదనడం తగదు.

వాక్కాయ కూడా మంచి మాటే. ‘ఆకుకూర’ పలుకుబడిలో ‘ఆక్కూర’ అయినట్లే, ‘వాకకాయ’లో రెండు కకారాల నడుమ అచ్చు జారిపోయి వాక్కాయ అయింది. దీనిని ‘వాక్కుకాయ’ అని దిద్దేవారూ ఉన్నారు గాని, ఆ దిద్దుబాటు అనవసరం.

వృక్షశాస్త్రం కారిస్సా ప్రజాతిలో రెండు మొక్కలను వేరుచేస్తుంది. కంచెలకు పెంచేది, పప్పులోకీ పచ్చడికీ వాడే పెద్దకాయలది కారండాస్. అడవిలో తనంత తాను పెరిగే చిన్నకాయలది స్పైనారం. జనం నోట రెండు పేర్లూ రెండింటికీ చెల్లుతున్నాయి కనుక మీరూ మీ బంధువులూ ఒకే మొక్కను గురించి వాదించుకుంటూ ఉండవచ్చు. ఎక్కువగా పచ్చిదానిని వండుతాము గనుక వాక్కాయ అనీ, మాగినదానిని కోసుకు తింటాము గనుక కలివిపండు అనీ వాడుక స్థిరపడినట్లు నాకు తోస్తుంది.

సంస్కృతంలో ఈ మొక్కను కరమర్దకం అంటారు. అమరకోశం దానికి చెప్పిన పర్యాయపదాలలో ‘కృష్ణపాకఫలము’ ఒకటి. పండినప్పుడు నల్లనయ్యే ఫలము కలదని దాని అర్థం. మీ వర్ణన దీనికి సరిపోతున్నది. అయితే నలుపు, పాలు అనే రెండు గుర్తులే చాలవు. విషపూరితమైన గన్నేరు కూడా ఈ కుటుంబానిదే, దానికీ పాలు కారతాయి. ముళ్ళు మాత్రం ఉండవు. కలివికి ఆకులు ఎదురెదురుగా, గట్టి ముళ్ళు తరచు జంటలుగా ఉంటాయి, కొన్ని ముళ్ళు కొసన చీలి ఉంటాయి. పువ్వు తెల్లనిది, అయిదు రేకలది, సువాసన గలది. బలుసుకూ మంగకూ ముళ్ళు ఎదురెదురుగానే ఉన్నా, వాటికి పాలు ఉండవు, పండు పసుపు రంగుకు తిరుగుతుంది. వాటిలో బలుసుపండు తినేదే గాని, మంగకాయ వాంతి చేయించే మందు. చేపలను మత్తెక్కించడానికీ దానిని వాడేవారు.

ఈ గుర్తులన్నీ కుదిరితే బాగా మాగిన కలివిపండు తినదగినదే. పచ్చికాయ పులుపు, పైగా జిగురుపాలు. ఉత్తరంలోని వర్ణనను నమ్మి తినమని నేను చెప్పలేను; ఆ కొండన మేకలు కాచేవారికి కొమ్మతో సహా చూపించి, వారు అవునన్న తరువాతనే నోట పెట్టండి.