ఉత్పత్తి వరుసలో ఒక రోజు

ప్రశ్న: ఒక రోజు కర్మాగారపు ఉత్పత్తి వరుసలో పనిచేసే అవకాశం వచ్చింది. ఒకే చిన్న పనిని పదే పదే చేయడం నిజంగా అంత కష్టమా?

జవాబు: కష్టమే. పని చిన్నదే అయినా దాని వేగం మన చేతిలో ఉండదు. 450 నిమిషాల పనివేళలో 900 వస్తువులు తయారు కావాలంటే మీ వంతుకు ఒక్కోదానికి 30 సెకన్లే దక్కుతాయి. మీరు తడబడితే తర్వాతివారి చేతులు ఆగిపోతాయి. 1913లో అమెరికా కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్‌కు చెందిన హైలాండ్ పార్క్ కర్మాగారంలో, కారే పనివారి ముందుకు కదిలివచ్చే వరుస వచ్చాక, 12 గంటలకు పైగా పట్టే కారు కూర్పు సుమారు గంటన్నరకు తగ్గింది గాని, ఆ మార్పులేని పనిని భరించలేక ఎందరో పని మానివేయడంతో, పనివారిని నిలుపుకోవడానికి 1914లో రోజు వేతనాన్ని 5 డాలర్లకు పెంచవలసి వచ్చింది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ అలసటే. ఇక మీరు పనికి వెళ్లే రోజు, యంత్రంలో చిక్కుకునే ఉంగరాలు, వదులు దుస్తులు వద్దు. యంత్రాన్ని ఆపే మీట ఎక్కడుందో ముందే అడిగి తెలుసుకోండి.