వర్తూరు నురగ చూస్తూ పెరిగిన అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది అనంతపురం. పదిహేనేళ్ళుగా బెంగళూరులో, నురగ పొంగే వర్తూరు చెరువు దగ్గర ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి పీయూసీ (మన ఇంటర్ లాంటిది) రెండో సంవత్సరం, పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ. కంప్యూటర్ సైన్స్ వద్దు, పర్యావరణమే చదువుతానని పట్టుబట్టింది. అందులో బతుకుతెరువు ఉంటుందా? ఏ కోర్సులో చేర్చమంటారు?

జవాబు: బతుకుతెరువు ఉంటుంది. మీ భయం అర్థం చేసుకోగలను, కానీ అమ్మాయి పట్టుదల నాకు ముచ్చటేసింది. నా అభ్యంతరం ఒక్కటే. ‘పర్యావరణం’ అన్న పేరు చూసి డిగ్రీ ఎంచుకోవద్దు. ఆమెను కలవరపెట్టిన సమస్యకు మూలం ఎక్కడుందో వెతకండి. చదవాల్సిన శాస్త్రం అక్కడ దొరుకుతుంది.

మీ చెరువు నురగనే చూడండి. కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తిపోసి ఈ నగరానికి తెస్తున్నారు. ఇళ్ళలో వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై బయటికి పోతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. అందులో మన బట్టల సబ్బు, గిన్నెల సబ్బు అన్నీ ఉంటాయి. శుద్ధి కాని మురుగు రాజకాలువల్లో (వాననీటి పెద్ద కాలువల్లో) పడి బెళ్ళందూరు చెరువుకు, అక్కడి నుంచి వర్తూరుకు చేరుతుంది. సబ్బు రసాయనాలు కలిసిన నీరు అలుగు మీద నుంచి దూకేటప్పుడు గాలి కలిసి నురగ పొంగుతుంది. డిటర్జెంట్లలోని, మలమూత్రాల్లోని ఫాస్ఫరస్ గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. ఆ మొక్క కుళ్ళినప్పుడు నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి బెళ్ళందూరు చెరువులో మంటలు లేచాయి. చెరువు తగలబడటం ఏమిటని ఆనాడు దేశమంతా నివ్వెరపోయింది.

ఇందులో సబ్బు కథ రసాయనశాస్త్రానిది. కాలువ వాలు, శుద్ధి కేంద్రం సామర్థ్యం సివిల్ ఇంజనీరింగ్‌వి. గుర్రపుడెక్క జీవశాస్త్రానిది. మురుగు వదిలినవారిని నిలదీసేది 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం.

సుస్థిరత అంటే రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా మన అవసరాలు తీర్చుకోవడమని 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది. చెప్పినంత తేలిక కాదు అది. బెంగళూరు పక్కనున్న కరువు జిల్లా కోలారునే తీసుకోండి. బెంగళూరులోని కోరమంగళ, చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి 2018 నుంచి అక్కడి చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి, భూగర్భజలం పైకి వచ్చింది. మూడో దశ శుద్ధి (రెండు దశల తర్వాత కూడా మిగిలే ఫాస్ఫరస్ లాంటివాటిని తీసేది) చేయకుండా పంపితే నేలకు, తాగే నీటికి ముప్పు కదా అన్న అభ్యంతరమూ బలంగా ఉంది. రైతుకు నీరు కావాలి, ఆ నీరు శుభ్రంగానూ ఉండాలి. ఏ దశ వరకు శుద్ధి చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నది నమూనాలు తీసి పరీక్షించగలిగినవారు తేల్చాలి. మీ అమ్మాయిలాంటి వారి అవసరం అక్కడుంది.

ఇక కోర్సు. లెక్కలు ఇష్టమైతే సివిల్ ఇంజనీరింగ్‌లో చేర్చండి, ఆపై పర్యావరణ ఇంజనీరింగ్‌లో ఎంటెక్. 2021 నుంచి ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఈ విభాగానికి విడిగా పేపరు ఉంది. ప్రయోగశాల ఇష్టమైతే కెమిస్ట్రీ ఒక ముఖ్య సబ్జెక్టుగా బీఎస్సీ, ఆ తర్వాత పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ. నేను రెండో దారిలో కెమిస్ట్రీని వదలవద్దనడానికి మరో కారణం ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయడానికి డిగ్రీలో ఉండాల్సిన సబ్జెక్టుల జాబితాలో కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ ఉన్నాయి, పర్యావరణ శాస్త్రం పేరు లేదు. మూడేళ్ళు చదివాక ఈ సంగతి తెలిసి కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లలను చూశాను.

ఉద్యోగాలు కాలుష్య నియంత్రణ మండళ్ళలో, నీటి శుద్ధి సంస్థల్లో, పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే సలహా సంస్థల్లో ఉంటాయి. స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు 2022–23 నుంచి తమ నీరు, కరెంటు, వ్యర్థాల లెక్కలు ఏటా వెల్లడించాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. ఆ లెక్కలు తీయడానికి కూడా మనుషులు కావాలి. తొలి కొన్నేళ్ళు జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు. ఆ మాట అమ్మాయికి ముందే చెప్పండి, దాచవద్దు.

సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌లోగా ఒక పని చేయించండి. మీ అపార్ట్‌మెంట్ కింద ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి కేంద్రం, ఉండే ఉంటుంది. దాన్ని నడిపే మనిషిని అడిగి వారం రోజులు రోజూ ఒక గంట అక్కడ గడపనివ్వండి. గాలి ఊదే తొట్టిలో సూక్ష్మజీవులు మురుగును ఎలా తింటున్నాయో, మిగిలిన బురద ఎక్కడికి పోతోందో, శుద్ధయిన నీటిలో ఎంత మొక్కలకు వాడుతున్నారో, ఎంత కాలువలోకి వదులుతున్నారో ఆమె స్వయంగా రాసుకోవాలి. వాసన ఉంటుంది. ఏడో రోజున కూడా ఆమె నోటుపుస్తకంలో ప్రశ్నలు పెరుగుతూనే ఉంటే, ఆ పుస్తకం తీసుకుని ఇద్దరూ నా దగ్గరకు రండి. ఏ కాలేజీ అన్నది అప్పుడు కూర్చుని చూద్దాం.