వీడియోలో అర్థమవుతుంది, టెస్ట్‌లో రావట్లేదు: మీ అబ్బాయి ఆల్జీబ్రా గురించి

చూసి అర్థం చేసుకోవడం వేరు, చూడకుండా చెయ్యడం వేరు, మీవాడి సమస్య అక్కడే ఉంది. మీరు రాసినదాన్ని బట్టి వీడియో చూస్తాడు, సాల్వ్ చేసిన లెక్క పక్కన పెట్టుకుని అలాంటివే 20 చేస్తాడు అన్నీ కరెక్టే, వారం తర్వాత టెస్ట్ పెడితే సగం తప్పులు. ఇంట్లో ఒక్కళ్లే చదువుకునే పిల్లల్లో ఇది మామూలే, క్లాసులో అయితే బోర్డు దగ్గరికి పిలిచినప్పుడే బయటపడిపోతుంది.

1. వీడియో అవ్వగానే అన్నీ మూసేసి అదే లెక్క ఖాళీ కాగితం మీద చెయ్యమనండి. ఆగిపోతే ఆగనివ్వండి, వెంటనే హింట్ ఇవ్వకండి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే. తప్పొస్తే జవాబు దిద్దేసి ముందుకెళ్లిపోతారు. అలా కాదు, ఏ లైన్‌లో తప్పిందో వాడితోనే వెతికించి, ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం నోట్‌బుక్‌లో రాయించండి. 7 - (3 - 5) కి -1 వేశాడనుకోండి, "బ్రాకెట్ ముందు మైనస్ ఉంది, లోపలి -5 ని +5 చెయ్యలేదు, జవాబు 9" అని రాయాలి. "కేర్‌లెస్ మిస్టేక్" అని రాస్తే అస్సలు ఒప్పుకోకండి, దానివల్ల ఏమీ తెలీదు. అదే లెక్క 3 రోజులాగి ఒకసారి, వారం ఆగి ఇంకోసారి చేయించండి, రెండుసార్లూ చూడకుండా వస్తేనే నోట్‌బుక్‌లో ఆ తప్పుని కొట్టెయ్యండి.

3. పాత చాప్టర్ల లెక్కలు కలిపి ఇవ్వండి, ఏ పద్ధతి వాడాలో వాడే తేల్చుకోవాలి.

నోట్‌బుక్‌లో భిన్నాలో మైనస్ గుర్తులో పదే పదే కనిపిస్తుంటే కొత్త చాప్టర్ ఆపేసి ముందు అది సరిచెయ్యండి, సిలబస్ వెనకబడుతుందని భయపడకండి.